పెంటకుప్పమీద మొలిచిన పండ్లమొక్కలు
(తొలకరి పనులవేళ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



తొలకరి వానలు పడినవి. పత్తి విత్తుటకు గొర్రులు కదలినవి. మిరప నారుమడులకు నేల సిద్ధమగుచున్నది. ఇంత పనివేళ మిమ్ములను కూర్చుండబెట్టి పండ్లమొక్కల సంగతి మాట్లాడుట న్యాయమా అని మీలో కొందరికి తోచవచ్చును. కాని నేను చెప్పబోవు మొక్కలు డబ్బిచ్చి కొనవలసినవి కావు. అవి ఇప్పటికే మీ పెంటకుప్పలమీద మొలిచియున్నవి. ఇంకొక పదిహేను దినములు ఊరకున్నచో వాటిలో చాలవరకు పనికిరాకుండ పోవును. అందుచేత ఈ మాట ఈ పనివేళనే చెప్పవలసివచ్చినది.

ఇక్కడికి వచ్చునప్పుడు ఊరి చివర కుప్పలవద్ద ఆగి చూచినాను. ఒక కుప్ప అంచున రాగిరంగు లేతాకులతో మామిడి మొలకలు అయిదారు ఉన్నవి. వాటి ప్రక్క గుంపుగా బొప్పాయి మొలకలు లేచినవి. మరియొక కుప్పమీద నిమ్మ, సీతాఫలము. వాటి మధ్య మిరప, టమాటా, వంగ మొలకలు కూడ కలవు. వీటిని చూచిన రైతులు రెండు విధములుగా చేయుదురు. కొందరు కలుపుతోపాటు పీకి పారవేయుదురు. మరికొందరు, దానంతట అది పుట్టిన మొక్కను చంపరాదని, తెచ్చి పెరటిలోనో గట్టుమీదనో నాటుదురు. ఇద్దరిలో ఎవరు చేసినది సరి? ఇద్దరిదీ సగమే సరి. ఏ మొలకను ఉన్నదున్నట్లు పెంచవలెను, దేనికి అంటు కట్టవలెను, దేనిని పీకివేయవలెను అను మూడు సంగతులు తెలిసినవారికే కుప్పమీది మొక్క లాభము. తెలియనివారికి అది ఏడెనిమిది ఏండ్ల నష్టము. నేటి నా ప్రసంగమంతయు ఈ మూడు సంగతులే.

కుప్పమీద మొక్క ఎందుకు మొలచును?

గింజ మొలచుటకు తేమ, గాలి, గోరువెచ్చని వేడి కావలెను. ఈ మూడును కుప్ప అంచున దొరకును. బొప్పాయి గింజనే తీసికొనుడు. పండులో దాని చుట్టు జిగురుపొర ఉండును. ఆ పొర మొలకను అడ్డగించును. అందుచేతనే విత్తనము కట్టువారు గింజలను బూడిదతో రుద్ది, కడిగి, నీడను ఆరబెట్టుదురు. కుప్పలో పడిన గింజకు ఆ జిగురు దానంతట అదే కుళ్లి ఊడిపోవును.

మామిడి టెంక సంగతి వేరు. అది ధాన్యపు గింజవలె ఏడాదిపాటు నిలువ ఉండదు. పండు తిన్న నెల దినములలో తేమ తగలనిచో లోపలి పప్పు ఎండి చచ్చిపోవును. మే నెలలో తిని పారవేసిన టెంక ఇంటి చూరుక్రింద పడినచో ఎండిపోవును. కుప్పలో పడినచో తేమకు బ్రతికి జూన్, జులై వానలకు లేచును. అయితే ఆవకాయ ముక్కలు కొట్టినప్పుడు తీసి పారవేసిన జీడి మొలవదు. అది ముదరనిది, పైగా కత్తివాటు పడినది. కాబట్టి కుప్పమీద మీరు చూచు మామిడి మొలక పచ్చడికాయది కాదు, మీ ఇంట తిన్న పండుది. ఆ పండు ఏ రకమో మీ ఇంటి ఆడవారికి బహుశః గుర్తుండును. మొక్కను తీయుటకు ముందు వారిని అడుగుడు.

ఇక మొక్కలు కుప్ప అంచుననే ఎందుకు మొలచును? నడుమ ఎందుకు మొలవవు? ఎరువు చక్కగా మాగునప్పుడు కుప్ప నడుమ 55 నుండి 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడి పుట్టును. ఆ వేడి కొన్ని దినములు నిలిచినచో గింజలు చాలవరకు చచ్చును. అంచున గాలి తగిలి చల్లబడుటచేత గింజలు బ్రతుకును. దీనినిబట్టి మీరు ఒక సంగతి గ్రహింపవలెను. కుప్పనిండ మొక్కలు లేచినవనగా, ఎరువు సరిగా మాగలేదని ఆ మొక్కలే మీకు చెప్పుచున్నవి. పండ్ల గింజ బ్రతికినచోట గునుగు, అడవి తోటకూర, వయ్యారిభామ గింజలు కూడ బ్రతుకును. ఆ ఎరువు మిరపచేనికి తోలినచో కలుపు కూలి మీ నెత్తిన పడును.

ఆల్బర్ట్ హోవర్డు, యశ్వంత్ వాడ్ అనువారు ఇండోరులో పనిచేసి 1931లో ప్రకటించిన కంపోస్టు పద్ధతిలో కుప్పను నియమముగా తిరుగవేయుమని చెప్పినారు. తిరుగవేసినప్పుడు గాలి ఆడును. అంచున ఉన్న చెత్త నడుమకు పోయి దానికిని వేడి తగులును. మీ కుప్పకు వేడి ఉన్నదో లేదో చూచుటకు యంత్రము అక్కరలేదు. గునపమును కుప్ప నడుమకు దించి, కొంతసేపు ఉంచి పైకి తీయుడు. కొనను చేతితో పట్టుకొనలేనంత వేడిగా ఉన్నచో కుప్ప బాగుగా మాగుచున్నదని అర్థము. చల్లగా ఉన్నచో నీరు చల్లి తిరుగవేయవలెను. పండ్లమొలకలను ముందుగా తీసికొని, ఆ తరువాత కుప్పను తిరుగవేయుట ఈ నెలలో చేయదగిన పని.

తల్లి గుణము పిల్లకు వచ్చునా?

మిరప పండించు ఒక ఊరిలో నాకు తెలిసిన పెద్దరైతు ఒకరున్నారు. ఆయన ఇంట పెండ్లి జరిగిన వేసవిలో బంధువులకు బంగినపల్లి పండ్లు పెట్టినారు. ఆ తొలకరికి పెంటకుప్పమీద మామిడి మొలకలు గుంపులుగా లేచినవి. అంత మంచి పండు టెంకలు గదా అని ఆయన పన్నెండు మొక్కలను ఏరి, బావి ప్రక్కన రెండు వరుసలుగా నాటినారు. ముండ్లకంప కట్టినారు. ఎండకాలములో కావడితో నీరు పోసినారు. ఏడవ ఏట పూత, ఎనిమిదవ ఏట కాపు వచ్చినది. చూడగా రెండు చెట్ల పండ్లు మేలైనవి. మూడు చెట్లవి తినుటకు పరవాలేదు. మిగిలిన ఏడు చెట్లవి పిడికెడు కాయ, నోటినిండ పీచు, పులుపు. ఆయన మాత్రము ఎవరిని తప్పుపట్టును? మోసము చేసిన నర్సరీ లేదు. ధర పోలేదు. పోయినది ఎనిమిదేండ్ల కాలము. రైతు వయసులో ఎనిమిదేండ్లు చిన్న లెక్క కాదు.

ఎందుకిట్లు జరిగినది? బంగినపల్లి పండులో మనము తిను కండ తల్లిచెట్టుది. టెంకలోని పప్పు మాత్రము తల్లికిని తండ్రికిని పుట్టిన బిడ్డ. పూతకాలములో ఈగలు, చిన్న పురుగులు ఏ చెట్టు పుప్పొడిని తెచ్చి ఆ పువ్వుమీద వేసినవో ఎవరికిని తెలియదు. తల్లి బంగినపల్లి, తండ్రి దారిప్రక్క నాటుమామిడి కావచ్చును. పైగా తల్లిలో దాగియున్న పాత గుణములు కూడ బిడ్డలో బయటపడును. అంటుమొక్కలో ఈ చిక్కు లేదు. అది బిడ్డ కాదు, తల్లిచెట్టు కొమ్మయే వేరొక వేరుమీద పెరుగుట. అందుచేత గుణము మారదు. తల్లికొమ్మ అప్పటికే ముదిరినది గనుక కాపుకూడ మూడు నాలుగేండ్లకే మొదలగును.

అయినను టెంకమొక్కను చులకన చేయరాదు. మన పాత మామిడి రకములన్నియు ఒకప్పుడు ఎక్కడో టెంకనుండి లేచిన చెట్లే. మంచి గుణము కనబడినప్పుడు ఎవరో ఒకరు దానికి అంటు కట్టి నిలిపినారు. జామలో లక్నో-49 రకము సంగతి వినుడు. లక్నోనుండి తెచ్చిన అలహాబాదు సఫేదా గింజలతో పెంచిన మొక్కలనుండి దానిని 1927లో పూనాలో డాక్టర్ చీమా ఏరినారు. నేడు దేశమంతట దానిని నాటుచున్నారు. సముద్రములకు ఆవల ఆస్ట్రేలియాలో మరియా ఆన్ స్మిత్ అను వృద్ధురాలి పొలములో, పారవేసిన ఆపిలు పండ్ల గింజలనుండి ఒక మొక్క లేచినది. 1868లో దాని కాయలను తోటల పెద్దలు చూచినారు. పచ్చగా, పుల్లగా, చాలకాలము నిలువ ఉండు ఆ కాయ ఆమె పేరుతోనే గ్రానీ స్మిత్ అని ప్రపంచమంతట అమ్ముడుపోవుచున్నది. గుంటూరు పండ్ల అంగళ్లలో కూడ దానిని చూడవచ్చును.

ఈ కథలు విని ప్రతి మొలకను నాటబోవద్దు. అటువంటి ఒక చెట్టు వెనుక పారవేసిన చెట్లు ఎన్నో ఉండును. వందల మొక్కలను పెంచి చూచుట పరిశోధన స్థానముల పని. నాలుగు ఎకరముల రైతుకు కావలసినది తప్పక మంచి పండు ఇచ్చు చెట్టు. కాని మీ పెరటిలో ఇప్పటికే కాయుచున్న టెంకచెట్టు మేలైనదైనచో దానిని మరువవద్దు. దాని కొమ్మతో అంటు కట్టించి నిలుపుకొనుడు. ఆ చెట్టు గాలివానకు పడిపోయినచో ఆ రకము లోకములో మరి ఉండదు.

మొలకలను మూడు వరుసలుగా ఏరుట

మొదటి వరుస: ఉన్నదున్నట్లు పెంచదగినవి. ఇందులో ముందుగా చెప్పదగినది నిమ్మ. నిమ్మ గింజను నాటినప్పుడు ఒక్క గింజనుండి రెండు మూడు మొలకలు వచ్చుట మీలో చాలమంది చూచియుందురు. వాటిలో ఎక్కువ మొలకలు పుప్పొడి సంబంధము లేకుండ తల్లి శరీరమునుండియే పుట్టును. అందుచేత అవి తల్లిని పోలియుండును. తెనాలి ప్రాంతమునకు నిమ్మతోటలు కొత్త కావు. గింజమొక్కలతో తోట వేయుట మన రైతులకు అలవాటే. గుంపులో మరీ బలహీనమైనదానిని, ఆకు తీరు మారినదానిని తీసివేసి, ఒక్కతీరుగా బలముగా ఉన్నవానిని ఉంచవలెను. ట్రిస్టెజా అను వైరస్ తెగులు అంటుకొమ్మద్వారా వచ్చును గాని గింజద్వారా రాదు. ఇది గింజమొక్కకుగల మేలు. అయితే ఆకులమీద, కొమ్మలమీద గజ్జి మచ్చలున్న మొక్కను తీసికొనరాదు. గజ్జిని కొంతవరకు తట్టుకొను బాలాజీ రకము తిరుపతి పరిశోధన స్థానమునుండి వచ్చినది. తోటగా వేయదలచినవారు ఆ రకమునే తెచ్చుకొనుట మంచిది. పెరటికి రెండు చెట్లు చాలునన్నవారికి పచ్చడినాటి గింజ మొక్క చాలును.

సీతాఫలము కూడ ఈ వరుసలోనిదే. గింజ మొలచుటకు నెల దినములకు పైగా పట్టును గాని, మొక్కలు తల్లికి మరీ దూరముగా పోవు. మూడు నాలుగేండ్లలో కాయును. పశువులుగాని మేకలుగాని దాని ఆకును ముట్టవు. కంచె లేని ఎర్రనేల గట్లకు ఇంతకంటె తగినది లేదు. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ రకము పెద్ద కాయకు పేరుపొందినది. దాని గింజ దొరికినచో విడువవద్దు. నేరేడు మొలకను కూడ ఉంచవచ్చును. కాని కాపునకు ఎనిమిది పదేండ్లు ఓపిక పట్టవలెను.

రెండవ వరుస: అంటు కట్టదగినవి. మామిడి, రేగు, చింత ఈ వరుసలోనివి. వీటి మొలక వేరు మంచిది, తల మాత్రము నమ్మరానిది. వేరును ఉంచుకొని తలను మార్చవలెను. గింజ చింత కాయుటకు ఎనిమిది పదేండ్లు పట్టును. అంటు కట్టినచో నాలుగైదేండ్లకే కాయును.

మూడవ వరుస: తెలిసి జాగ్రత్తగా ఉంచవలసినవి, లేక తీసివేయవలసినవి. బొప్పాయి ఇందులో ముఖ్యము. నేడు బజారులో దొరకు ఎర్రకండ బొప్పాయి చాలవరకు రెడ్ లేడీ అను సంకర రకము. దాని గింజనుండి వచ్చిన మొక్కలు ఒక్కతీరుగా ఉండవు. పాత రకముల మొక్కలలో ఇంచుమించు సగము మగవి. పూత వచ్చువరకు మగ ఆడ తెలియదు. కాబట్టి గుంటకు మూడు మొలకలు నాటుడు. అయిదారు మాసములలో పూత వచ్చినప్పుడు చూడుడు. పొడుగాటి కాడలకు గుత్తులుగా వ్రేలాడు పువ్వులున్నది మగమొక్క. కాండమునకు ఆనుకొని విడివిడిగా పెద్ద పువ్వున్నది ఆడది. మగవానిని తీసివేసి, పది ఆడమొక్కలకు ఒక్క మగమొక్కను ఉంచినచో చాలును. జామ, దానిమ్మ గింజమొక్కలు కాయును గాని గుణము మారును. వీటికి నేల అంటు, గాలి అంటు సులభము గనుక గింజమొక్కతో కాలము పోగొట్టుకొననక్కరలేదు.

మొలకను తీయు పద్ధతి

కుప్పమీది మొలకను చేతితో పట్టి లాగరాదు. కుప్పలో వేరు మెత్తగా, తొందరగా దిగును. లాగినచో తల్లివేరు తెగును. తల్లివేరు తెగిన మామిడి మొక్క బ్రతికినను ఎండకు ఆగదు. సాయంకాలమందు కుప్పను ముందుగా తడుపుడు. మొలక చుట్టు జానెడు దూరమున పారతో దించి, మన్నుతో సహా పైకి లేపుడు. మామిడి మొలకకు టెంక అంటియుండును. దానిని ఊడదీయవద్దు. లేతమొక్కకు మొదటి నెల ఆహారము ఆ టెంకలోని పప్పే.

ఎర్రమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగుగా మాగిన ఎరువు ఒక పాలు కలిపి, అడుగున నీరు పోవుటకు రంధ్రములుగల పాలిథీన్ సంచిలో నింపవలెను. ఒట్టి పెంటఎరువులో నాటరాదు. కుప్పలో పుట్టినది కుప్పలోనే సుఖముగా ఉండునని అనుకొందురు. కాని మాగని ఎరువు వేడికి, చీమలకు, చెదలకు లేతవేరు చెడును. సంచులను పందిరి నీడను పదిహేను దినములు ఉంచి, తరువాత కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయవలెను. నీరు దినమునకు ఒక్కసారి, వాన ఉన్న దినమున అక్కరలేదు. ప్రతి సంచికి గింజ ఏ పండుదో వ్రాసి చీటి కట్టుడు. రేపు చెట్టు మంచిదైనను చెడ్డదైనను ఆ చీటియే మీకు పాఠము చెప్పును.

అంటు కట్టుట

మామిడికి టెంక అంటు ఈ జులై, ఆగస్టు మాసములలోనే కట్టవలెను. గాలిలో తేమ ఉండుటచేత అతుకు బాగుగా పట్టును. మొలక లేచిన 8 నుండి 15 దినములలోపల, ఆకులు రాగిరంగులో ఉండగానే, టెంకకు రెండు మూడు అంగుళముల పైన కాండమును కోయవలెను. కోసినచోట నడిమికి ఒకటిన్నర అంగుళము లోతు చీల్చవలెను. మంచి తల్లిచెట్టునుండి మూడు నాలుగు మాసముల వయసుగల, అంతే లావుగల కొనకొమ్మను తెచ్చి, అడుగున రెండు వైపుల మేకువలె చెక్కి, ఆ చీలికలో దించి, పాలిథీన్ పట్టీతో బిగించవలెను. ఆ కొమ్మకు వారము పది దినములు ముందుగా, చెట్టుమీద ఉండగానే ఆకులు కోసి తొడిమలు మాత్రము ఉంచుడు. అప్పుడు కొనమొగ్గ ఉబ్బి సిద్ధముగా ఉండును. కట్టిన తరువాత పైన పాలిథీన్ గొట్టము తొడిగి నీడను ఉంచినచో రెండు మూడు వారములలో చిగురు వచ్చును. కత్తి పదునుగా, శుభ్రముగా ఉండవలెను. పది కట్టినచో పదియు పట్టవు. కొత్తచేతికి నాలుగైదు పట్టినను సంతోషింపవలెను. ఈ ఏడు తప్పినవారు మొక్కను సంచిలోనే పెంచి, పెన్సిలు లావు అయిన తరువాత వచ్చు వర్షాకాలములో ప్రక్కఅంటు కట్టవచ్చును.

రేగు మొక్కను సంచిలో ఎక్కువ కాలము ఉంచరాదు. దాని వేరు లోతుగా పోవు గుణముగలది. దానిని నిలువవలసినచోటనే నాటి, వేరు దిగిన తరువాత మార్చి, ఏప్రిలు మాసములలో నేలకు దగ్గరగా కోసి, వచ్చిన కొత్త చిగురుమీద తొలకరిలో మొగ్గ అంటు వేయవలెను. గట్లమీద ఇప్పటికే ఉన్న నాటు రేగుచెట్లకు కూడ ఇట్లే ఉమ్రాన్, గోలా వంటి రకముల మొగ్గలు వేయవచ్చును. పొదిలి, కనిగిరి, మార్కాపురము వైపు వాన తక్కువ నేలలకు ఇది మిక్కిలి తగిన పని.

అంటు ఏదైనను ఒక్క సంగతి మరువరాదు. అతుకు క్రిందినుండి వచ్చు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను. ఉపేక్షించినచో క్రింది మొక్క పెరిగి పైకొమ్మను చంపును. అప్పుడు అంటు కట్టినామని మీరనుకొందురు. కాయునది మాత్రము నాటుకాయ. మంచి తల్లిచెట్టు ఎక్కడ ఉన్నదో తెలియనివారు నూజివీడు మామిడి పరిశోధన స్థానమును, వెంకటగిరి దగ్గర పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానమును అడుగవచ్చును.

ఎక్కడ నాటవలెను?

మన నల్లరేగడి వానకాలములో నీరు పట్టి ఉబ్బును, ఎండకాలములో బెత్తెడు వెడల్పు బీటలు తీయును. ఆ బీటలలో లేతవేళ్లు తెగును. మామిడికి ఇది మెచ్చదగిన నేల కాదు. ఉలవపాడు మామిడికి అంత పేరు వచ్చుటకు అక్కడి ఇసుకనేల ఒక కారణము. నల్లనేలలో పెరటికి నాటువారు మూడడుగుల గుంట తీసి, తీసిన మన్నులో ఎర్రమన్ను, ఇసుక, మాగిన ఎరువు కలిపి పూడ్చి, మొక్క మొదలు కొంత ఎత్తుగా ఉండునట్లు చేయవలెను. నిమ్మకు మొదట్లో నీరు నిలిచినచో బంక తెగులు వచ్చును. రేగు, చింత, నేరేడు నల్లనేలకు ఓర్చును. సీతాఫలము ఎర్రనేలకు, గుళకనేలకు తగినది.

ఇక గట్టు సంగతి. మిరప చేనిలో ఉండు ఆగస్టునుండి మార్చివరకు సూర్యుడు చాల దినములు దక్షిణముగా నడచును. నీడ ఉత్తరమునకు పడును. మీ దక్షిణపు గట్టున నాటిన చెట్టు మీ మిరపమీదనే నీడ వేయును. ఉత్తరపు గట్టున నాటినది పొరుగువారి చేనిమీద వేయును. పండుకంటె ముందు తగవు పండును. కనుక పొరుగువారితో మాట్లాడకుండ గట్టున పెద్దచెట్టు పెట్టవద్దు.

దీనికంటె పెద్ద సంగతి మరియొకటి కలదు. మన పత్తికి, మిరపకు ఎన్నిమార్లు మందు చల్లుచున్నామో మీకే తెలియును. గాలికి ఆ తుంపర గట్టుమీది జామకాయమీద, రేగుపండుమీద పడును. బడినుండి వచ్చిన బిడ్డ దానిని కోసి, కడుగకయే కొరుకును. అందుచేత పిల్లలు కోసికొని తిను పండ్లచెట్టును మందుచేని గట్టున నాటవద్దు. పెరటిలోనో, పశువులకొట్టము వెనుకనో, ఊరివైపు బావివద్దనో నాటుడు. మందు డబ్బాలను, మందు పట్టించిన విత్తనపు సంచులను కుప్పలో వేయుట కూడ ఇందుచేతనే కూడదు.

పీకివేయవలసినవి

కుప్పమీద మొలిచిన మిరప, టమాటా, వంగ మొక్కలను దయతలచి ఉంచవద్దు. చేనిలో పంట లేని వేళ పురుగులకు, ఆకుముడుత వైరస్‌కు అవే ఆశ్రయము. అక్కడ నిలిచిన తెల్లదోమ, తామరపురుగు రేపు మీ నారుమడికి వచ్చును. 2021లో నల్ల తామరపురుగు మన మిరపను ఏ విధముగా కాల్చినదో ఇక్కడ కూర్చున్నవారికి నేను చెప్పనక్కరలేదు. పూతలో చేరి, పూతను రాల్చి, పెట్టిన పెట్టుబడిని పొలముననే ముంచినది. ఆ పురుగును మనదేశములో మొదట గుర్తించినది 2015లో, బెంగుళూరువద్ద, బొప్పాయిమీద. కాబట్టి కుప్పమీది బొప్పాయిని పెరటిలో నాలుగు మొక్కలు పెంచుకొనుడు. మిరపచేని గట్టున మాత్రము పెంచకుడు.

ముగింపు

మిరపకు ధర ఉన్న ఏడు మనము పండ్లు కొని తిందుము. ధర లేని ఏడు మొదట మానివేయునది పిల్లల పండ్లే. పెరటిలో రెండు నిమ్మలు, రెండు సీతాఫలములు, ఒక రేగు, ఒక అంటుమామిడి ఉన్న ఇంటికి ఆ ఇబ్బంది తగ్గును. వీటికి మొక్కల ఖర్చు లేదు. కావలసినది గుర్తుపట్టు కన్ను, పదునైన కత్తి, సమయము తప్పని చేయి.

బావి ప్రక్క పన్నెండు మామిళ్లు నాటిన పెద్దరైతు సంగతి మధ్యలో విడిచినాను. ఆయన ఆ ఏడు చెట్లను నరికి కట్టెలకు అమ్మబోయినప్పుడు, వేళ్లు మంచివే గదా, తలలు మార్చుడని చెప్పినాము. వేసవికి ముందు కొమ్మలను కోసి, ఒక్కొక్క కొమ్మను మాత్రము చెట్టు బ్రతుకుటకు ఉంచి, కోతలకు బోర్డోపేస్టు పూసినారు. కొత్త చిగుళ్లు పెన్సిలు లావు కాగానే వానలలో అంటులు కట్టించినారు. అయిదు చెట్లకు బంగినపల్లి కొమ్మలు, రెండు చెట్లకు తన వరుసలోనే మేలుగా కాచిన టెంకచెట్టు కొమ్మలు. క్రింద ఎనిమిదేండ్ల వేరు ఉండుటచేత మూడవ ఏటనే కాపు వచ్చినది. ఆ మేలైన టెంకచెట్టుకు ఊరిలో ఇంకను పేరు పెట్టలేదు; ఆయన ఇంటిపేరుతోనే పిలుచుచున్నారు. మొలక దశలోనే అంటు కట్టియున్నచో ఆ పండ్లను ఏడేండ్లు ముందుగా తినియుండెడివారు.

మీరు ఇంటికి పోవునప్పుడు చీకటి పడకముందే ఒక్కసారి మీ కుప్పవద్ద ఆగుడు. మామిడి మొలక ఆకు ఇంకను రాగిరంగులో ఉన్నదో, పచ్చబడినదో చూడుడు. రాగిరంగులో ఉన్నచో రేపటి పని అది.